జంతికల నూనెలో మా గుంట పొడి

పొట్టీ! పిలిస్తే పలకడానికి నువ్వు లేవు. మా ఒక్కగానొక్క గుంట, నా కూతురు, ఈ వానల్లో జొరమొచ్చి పోనాది. మలేరియా మెదడుకెక్కిందని ఆసుపత్రిలో చెప్పారు. నేను పెద్దగా చదువుకోలేదు. అయినా చదివే మీకు దాని సంగతి చెప్పాలని రాస్తన్నాను.

అరకు దారిలో మా సంఘం ఆడోళ్లం చోడిపిండితో, అదే రాగిపిండితో, జంతికలు వండి, కొండలు చూడ్డానికొచ్చేవాళ్లకి అమ్ముతాం. వానల్లో ప్యాకెట్టు విప్పితే పాత నూనె కంపు కొట్టేది. గుంట తిండి తయారీ చదువు చదివొచ్చి, నూనెలో ఒక తెల్లపొడి కలపడం నేర్పింది.

"విషమేటే ఇది?" అన్నాను.

"కంపెనీలో చేసిన పొడమ్మా. ఇంతే వెయ్యాలని గవర్నమెంటు కొలత పెట్టింది. ఆ కొలత దాటకపోతే భయం లేదు. గాలికి నూనె పాడవకుండా కాస్తాది. ఎక్కువేస్తే ఎక్కువ మేలని మాత్రం అనుకోకు."

ఆ పొడి కాటాలో తూచేటప్పుడు, గాలికి కొలత తప్పుతాదని ఫ్యాను ఆపించేది. ఎవరైనా మాటాడితే కసిరేది.

మా తోడికోడలు వానాకాలం అంబలికని మామిడిటెంకల పిండి దాచుకుంటాది. నిరుడు దానికి బూజు పడితే, చెప్పకుండా ఆ పొడి పట్టుకెళ్లి కుండలో కలిపేసింది. గుంట చూసి కుండంతా పారబోసింది.

"నా తిండి మట్టిపాలు సేత్తన్నావేటే, నీ సెయ్యిరిగిపోను!"

"పిన్నీ, ఇది నూనెకి కాపలా. బూజుకి కాదు. ఆ బూజు పిండి అంబలి తాగితే వాంతులై పోతావు. మా ఇంటికొచ్చి తిను. తింటా తిట్టు."

ఆ వానలన్నీ ఆవిడ మా ఇంట్లోనే తిన్నాది. తిడతానే తిన్నాది.

గుంట దినం నాడు ఆవిడే మొదలెట్టింది, "ఆ పొడే దాన్ని మింగేసినాది" అని. సంఘమోళ్లంతా అవునన్నారు. ఉన్న ప్యాకెట్లు తగలెట్టేద్దాం, పొయ్యి ఆర్పేద్దాం అన్నారు. గుంట నిలబెట్టిన పని దానితోనే పోయేలా ఉంది.

నాకు ఏడుపు రాలేదు. "ఆ జంతికలు మీరూ తిన్నారు, మీ పిల్లలూ తిన్నారు. జొరం దానికే వచ్చినాది. చేను కాపలాకెళ్లి పాకలో దోమతెర లేకుండా పడుకున్నాది. దోమ చేసిన పని పొడి మీద పెట్టకండి" అన్నాను. గుంట వండి కట్టిన ప్యాకెట్టు ఒకటి విప్పి నేను తిన్నాను. కంపు లేదు. అందరి ముందూ పెట్టాను.

చాలాసేపు ఎవరూ ముట్టలేదు. మా తోడికోడలు ఒకటి తీసుకుని కొరికింది.

"ఉప్పు తక్కువేసింది. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే ఈ గుంట" అంది. నోట్లో జంతిక పెట్టుకునే ఏడ్చింది.

మర్నాడు పొయ్యి వెలిగించాం. ఇప్పుడు కాటా దగ్గర నేను కూర్చుంటన్నాను.

మీరు వేళకి తినండి. మంచి తిండి, కడుపునిండా తినండి.