డెన్మార్క్ ఆయనకు కట్టిన ఫ్లెక్సీ

రొయ్యల ఎగుమతి ఆఫీసులో యూరప్ వార్తలు చదవడం నా పని. అక్కడి పార్లమెంటులో ఆర్థిక వ్యవహారాలు చూసే డెన్మార్క్ ఉదారవాద నాయకుడొకాయన అలా నా కంటబడ్డాడు. దేశాల మధ్య వ్యాపారానికి అడ్డుగోడలు ఉండకూడదని అనేవాడు. విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు చేసే మా అన్నకు ఆ మాట చెప్పాను. అంతే, పట్టుకున్నాడు.

మా వైపు పెద్దమనిషి నోట మాట వచ్చిందంటే అది హామీ కిందే లెక్క. ఆ డెన్మార్క్ ఆయన అక్కడి ఆర్థిక కమిటీకి ఉపాధ్యక్షుడయ్యాడని తెలిసి అన్నా, పక్క గుంటలవాళ్లూ కలిసి రోడ్డు మలుపులో ఫ్లెక్సీ కట్టారు. ఎమ్మెల్యేలకు కట్టినట్టు దణ్ణం పెడుతున్న బొమ్మే కావాలన్నారు. ఆయన ఏ ఫొటోలోనూ దణ్ణం పెట్టడే! చివరికి షాపువాడు ఎవరి చేతులో తెచ్చి అతికించాడు. కింద ‘రొయ్య రైతుల ఆశాజ్యోతి’ అని రాయించారు. నవ్వాపుకోలేక చచ్చాను.

నిజానికి ఆయన పోట్లాడేది బ్యాంకుల నిబంధనల గురించి, బడ్జెట్ల గురించి. రొయ్య అన్న మాటే ఆయన నోట రాలేదు. అన్నకు అదీ చెప్పాను.

"బ్యాంకుల పని అయినాక మన కాడికి వస్తాడులే పాపా" అన్నాడు.

ఆయన ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అన్న గుంట ఎండగట్టి, సున్నం చల్లి, మళ్లీ రొయ్యపిల్ల వేశాడు. రొయ్యలకు వైట్‌స్పాట్ రోగం వచ్చి పంటంతా ఊడ్చుకుపోతూనే ఉంది. వదిలెయ్యమని వదిన ఏడ్చేది. గట్టు మీద కాపలాతో మనిషి సగమయ్యాడు. అన్న మాకు దక్కుతాడా అని భయం వేసేది. ఆ వార్తలు తెరవాలంటేనే విసుగు పుట్టేది.

మొన్న ఆయన రాజకీయాలు వదిలేశాడు. అలసిపోయాడట, ఇక ఇంటిపట్టున ఉంటాడట. ఇదే అదననుకుని గుంట దగ్గరికి వెళ్లాను. అన్న మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేని నీళ్లలోంచి పైకి లాగుతున్నాడు.

"అన్నా, మీ డెన్మార్క్ ఆయన మానేసినాడు. నువ్వు గూడా ఈ పంటతో మానెయ్."

అన్నకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి కదా.

"రాజీనామా ఎవురికిచ్చినాడంట?"

"వాళ్ల పార్లమెంటు అధ్యక్షుడికి."

"మరి నేనెవురికియ్యాల?"

అన్న ట్రేని మళ్లీ నీళ్లలోకి దించి, నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ వెయ్యడానికి లేచి వెళ్లాడు.