నా భయం ముందు పిల్లకే తెలిసేది

దయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని. ఇప్పుడూ నమ్మను. బడికి వెళ్లకపోయినా తమ్ముడి వాచకాలతో చదువు నేర్చుకున్నాను. పెళ్లై అనకాపల్లి వచ్చాక, మా ఆయన గ్రంథాలయం నుంచి తెస్తుంటే రెండు బీరువాల పుస్తకాలు చదివేశాను.

యుద్ధం రోజులు. నాకు ఐదో నెల. మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. పావుగంటకి తగ్గింది.

అప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. డాక్టరు గుండె బాగానే ఉందన్నాడు. అత్త తాయెత్తు కట్టించింది. మా ఆయన బెల్లం కొట్టు నుంచి వచ్చేసరికి నేను మామూలుగా ఉండేదాన్ని. ఏమని చెప్పను?

ఒకటి గమనించాను. దడ వచ్చే ముందు కడుపులో బిడ్డ కదలడం మానేసేది. తల్లి భయం బిడ్డకు తెలుస్తుందేమో అనుకున్నాను. కానీ నాకింకా భయం పుట్టనే లేదు కదా.

ఆడపిల్ల పుట్టింది. ఒళ్లో నిద్రపోతున్నది కళ్లు తెరిచి, నన్ను చూసి గుక్కపెట్టేది. కింద పడుకోబెట్టేలోగా నాకు దడ మొదలయ్యేది.

అత్త కనిపెట్టింది. "నీకు పట్టిందేదో ఈ గుంటపిల్లకీ పడతాది. నీకు నెమ్మదించేదాకా కొండకర్లలో ఉంటాది. మీ వదినకి సంటోడున్నాడు, ఇద్దరికీ పాలు సాలతాయి" అంది. మా ఆయన కొండకర్లకు కబురు పంపాడు.

వదిన, అంటే మా ఆయన అక్క, బండి కట్టించుకుని వచ్చింది. నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను వసారాలో కూర్చున్నాను. పాలు చేపి రవిక తడిసింది. చిత్రంగా గుండె మాత్రం నిమ్మళంగానే ఉంది. దూరంగా రైలు కూసింది. కొంచెంసేపటికి దడ పట్టుకుంది.

తేరుకునేసరికి వాకిట్లో మళ్లీ అదే బండి.

"ఏటోనమ్మా, రైలుగేటు కాడ ఆగేం. రైలింకా కూతైనా ఎయ్యనేదు, ఈ గుంట లెగిసి ఒకటే ఏడుపు! ఎడ్లు బెదిరిపోనాయి" అంది వదిన.

"రైలుకి జడుసుకుందే" అంది అత్త.

"రైలు రాందే జడుత్తాదేటి? తల్లిని ఒగ్గి ఇది ఉండదు. నువ్వూ, నీ తాయెత్తూ!"

పిల్లను నా ఒళ్లో పెట్టింది. మళ్లీ ఎవరూ తీసుకెళ్తామనలేదు.

దడ మరో ఏడాదిన్నర ఉండి, దానంతటదే పోయింది. అంత దూరంలో నిద్రపోతున్న పసిదానికి, నాకే ఇంకా రాని భయం ఎలా తెలిసిందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ ఇంట్లో నా భయం లోపలి నుంచి తెలిసిన మనిషి అదొక్కతే. మాటలొచ్చాక, ఎలా తెలిసేదని అడిగాను.

నవ్వి, ఆటకు పరిగెత్తింది.