గుర్రం ఎంగిలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే శుభ్రమైన మనిషి మా మేనత్త, అందరికంటే మురికిది మా గుర్రం. ఒక చలికాలం ఆ ఇద్దరూ ఒకే బాల్చీలో మూతి పెట్టాల్సి వచ్చింది.

మాది డుంబ్రిగుడకి ఎగువన కొండమీద ఊరు. అప్పటికి రోడ్డు లేదు. సంతకి చోళ్ళు, అదే రాగులు, దిగాలన్నా, ఇంటికి ఉప్పు ఎక్కాలన్నా గుర్రం వీపే మాకు బండి. మా నాన్న పని కోసం సాలూరు దిగిపోయాడు. మా అమ్మ పచ్చి బాలింత. గుర్రానికి ఏమైనా అయితే ఆ బరువంతా ఇక అమ్మ నెత్తి మీదికే.

మా అత్త సంగతి కొంచెం చెప్పాలి. ఇంకొకరు మూతి పెట్టిన లోటా కడిగినా ముట్టుకునేది కాదు. చంటివాడు పాలు కక్కితే చాలు, ఈవిడ పెరట్లోకి పరుగెత్తేది. నేను కావాలనే ముక్కు చీది, ఆ చెయ్యి తెచ్చి ఆవిడ ముందు చాపేదాన్ని. ఆవిడ ‘ఓక్’ అంటే నాకు పండగ.

ఆ చలికాలం మంచు ఊరి మీద పగబట్టినట్టు పడింది. తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు జల్లినట్టు పేరుకునేది. కుండలో నీళ్ళ మీద అద్దం లాంటి పొర కట్టేది. ఎవరి గుర్రాన్ని వాళ్ళు పాకలో కట్టేసి, గాలి దూరకుండా గుమ్మానికి గోనెలు వేలాడదీశారు. గాలి దూరకపోతే కంపు మాత్రం ఎక్కడికి పోతుంది? మా పాకలో అడుగు పెడితే ఉచ్చ ఘాటుకి కళ్ళు మండేవి. గడ్డి కింద నానిన లద్దె, కాలివేళ్ళ సందుల్లోంచి పైకి ఉబికేది. ఇప్పుడు రాస్తున్నా పాదాలు ముడుచుకుంటున్నాయి.

కొన్నాళ్ళకి ఆ లద్దె మేక పెంటికల్లా గట్టిపడింది. తర్వాత అదీ ఆగిపోయింది. గుర్రం కాలితో నేల గీరుతూ, మాటిమాటికీ తన కడుపు వైపే తిరిగి చూసుకునేది. నీళ్ళు ముట్టడం లేదని అప్పుడు గమనించాం. మా అత్త ఉప్పు వేసి, గోరువెచ్చటి చోడి జావ బాల్చీ నిండా పెట్టింది. గుర్రం మూతి ముంచి, చొంగ కార్చి, మొహం తిప్పేసుకుంది. బాల్చీ అంచుకి ఆ చొంగ తీగల్లా వేలాడుతుంటే, అత్త గోడ వైపు తిరిగి ఓకరించింది.

“ఇదెప్పుడూ ఒక్కర్తీ తాగనేదే గుంటా,” అంది మూతి తుడుచుకుంటూ. “గెడ్డ నీల్లకాడ ఊరి గుర్రాలన్నీ మూతులెడితేనే ఇదీ ఎట్టేది.”

“పక్కింటోల్ల గుర్రాన్ని తెద్దునా?”

“ఈ మంచులో ఎవులిత్తారే? దానికేటన్నా అయితే?”

“మరేటి సేత్తావు, నువ్వే గుర్రమైపోతావేటి?” అని వెక్కిరించాను.

ఆవిడ కొంగు బిగించి, ఆ లద్దెలోనే మోకాళ్ళ మీద కూలబడి, బాల్చీలో మూతి పెట్టింది. లోటా ఎంగిలి తాగని మనిషి, చొంగ తేలుతున్న జావని చప్పుడయ్యేలా జుర్రింది. గుర్రం చెవి ఇటు తిరిగింది, తల కొంచెం వంగింది. అంతలో అత్తకి కడుపులోది తన్నుకొచ్చింది. పక్కకి పరుగెత్తి కక్కేసరికి గుర్రం తల మళ్ళీ పైకి లేచిపోయింది. వచ్చి మళ్ళీ జుర్రింది. మళ్ళీ కక్కింది.

“బేగి రాయే! నాను కక్కినంతసేపు నువ్వెట్టు మూతి!”

“నానొల్ల! సీ, దాని చొంగ!”

“నాకు తేనేటే మరి? రాయే, సచ్చిపోద్దది!”

పెట్టాను. వెచ్చగా, జిగటగా ఉంది. మొదటి గుక్కలోనే ఒక వెంట్రుక. తర్వాత గుర్రం నమిలి వదిలేసిన గడ్డిపరకలు. అది ముక్కుతో బుస్సుమంటే నా మొహమంతా చీమిడి. ఇద్దరం వంతులేసుకుని తాగాం, వంతులేసుకుని కక్కాం. చివరికి నా చెంప పక్కకి ఒక గరుకు మూతి దిగింది. గుడగుడమని జావ దాని గొంతులోకి పోవడం నా చెవికి వినిపించింది.

సాయంత్రానికి లద్దె పడింది, మెత్తగా, పొగలు చిమ్ముతూ. అత్త దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, వెంటనే ముక్కు మూసుకుని బయటికి పారిపోయింది.

పొయ్యి దగ్గర వేణ్ణీళ్ళతో మొహం తోముకుంటూ అడిగాను. “అత్తా, ఇప్పుడు నీకు అసియ్యం పోనాదా?”

“ఎక్కడికి పోద్దే! ఉండనీ, నా అసియ్యం నాది. దానికోసం ఆ గుర్రం పేణమెందుకు పోవాల?”

అంతవరకూ నేను, మురికి పని చేసేవాళ్ళకి దేవుడు ముక్కు పెట్టడం మరిచిపోయాడనే అనుకునేదాన్ని. మనలాంటి ముక్కే వాళ్ళకీ ఉంటుందని ఆరోజు తెలిసింది. నేను బడికెళ్ళిన నాలుగేళ్ళలో ఎవరూ చెప్పని సంగతి.

ఇప్పుడు మా ఆయన మంచం పట్టాడు. చూడవచ్చినవాళ్ళు, “ఎంత ఓర్పమ్మా, నీకు రోతన్నదే లేదు” అంటారు. ఎందుకు లేదు? నా ముక్కు ఎవరైనా ఎత్తుకుపోయారా? వీపు మీద పుండు కడిగేటప్పుడు మొహానికి కొంగు కట్టుకుంటాను. “సీ, నీ కంపు కాల్చ” అని మొదలుపెట్టి ఆయన ఏడుతరాల దాకా తిడతాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని వింటూ ఉంటాడు. తిట్టు వినిపిస్తున్నంతసేపూ నా చేతులు ఆగలేదని ఆయనకి తెలుసు.