ముందు కొక్కెం

మా జీపుకు వెనక వైపు రెండు కొక్కేలు ఉండేవి. ముందు వైపు ఒక్కటి కూడా లేదు. తాతగారు అలాగే చేయించారు. వానాకాలంలో ఎవరి బండి బురదలో దిగబడినా మా జీపు వెళ్ళి లాగేది. దాన్నే ఎవరైనా లాగవలసి వస్తుందని ఆయనకు తోచి ఉండదు. తోచినా ఒప్పుకునే మనిషి కాదు.

భూములు, మేడ, మేడలోని సామాను అన్నీ పోయాక మాకు మిగిలింది ఈ జీపు. నాన్నగారు దాని పాత ఇంజను తీయించి డీజిలు ఇంజను వేయించారు. నేను రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేస్తూ రోజూ దాని మీదే వెళ్ళి వస్తాను. కాలేజీలో నా వెనకాల నన్ను ‘దివాణం గారు’ అంటారని తెలుసు. వెటకారంగానే అంటారు. ఆ పేరుకు నేను సిగ్గుపడింది లేదు.

ఈ మధ్య, కొండదారుల్లో జీపులు నడిపే ఒక బృందంతో తిరగడం మొదలుపెట్టాను. మారేడుమిల్లి దాటాక గూడేల వాళ్ళు ట్రాక్టర్లు తోలుకునే మట్టిదారులు ఉంటాయి. వాగులు దాటాలి, రాళ్ళమీద ఎక్కాలి. నేను వెళ్ళిన మొదటిసారే, వాగు దాటి ఒడ్డెక్కేచోట జీపు ఇరుసుల దాకా దిగబడింది. ఎంత తొక్కినా చక్రాలు బురద చిమ్మాయే గాని కదలలేదు.

నాకంటే ముందు ఒడ్డెక్కిన బండి ఒక ఆవిడది. భీమవరం దగ్గర వాళ్ళకు రొయ్యల చెరువులున్నాయి. ఆవిడ మామగారు ఒకప్పుడు మా పొలాలు కౌలుకు చేసినవారు. ఇప్పుడు ఆ పొలాల్లో చాలా భాగం వాళ్ళవే, చెరువులయ్యాయి. ఆవిడ చుడీదారు మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, లాగుడు పట్టీ భుజాన వేసుకుని, మోకాళ్ళ లోతు బురదలో దిగి వచ్చింది. జీపు ముందు వంగి అటూ ఇటూ తడిమింది.

“ముందు కొక్కెం ఎక్కడుందండీ?”

“లేదండి.”

“లేదేంటండీ! పోయిందా?”

“ఎప్పుడూ లేదు. వెనక ఉన్నాయి.”

ఆవిడ నా మొహం వైపు ఒకసారి చూసింది. బంపరుకు కడితే రేకు ఊడి వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆవిడ వెళ్ళి, తన బండిని మళ్ళీ వాగులోకి దింపి, నన్ను చుట్టి వెనక్కి వచ్చి, వెనక కొక్కేనికి పట్టీ తగిలించింది. అలా మా జీపు, బృందం మొత్తం చూస్తుండగా, వెళ్ళిన దారినే వెనక్కి నడుస్తూ బయటికి వచ్చింది.

“దివాణం వారు వెనుదిరిగారండోయ్!” అన్నాడు రాజమండ్రిలో బట్టల కొట్టున్న ఒకాయన. అందరూ నవ్వారు. దాంట్లో ద్వేషం లేదు. అయినా ఆ నవ్వు నా వెంట ఇంటి దాకా వచ్చింది. ఈ జీపును ఇంకెప్పుడూ ఎవరూ లాగకూడదని ఆ దారిలోనే నిశ్చయించుకున్నాను.

బట్టల కొట్టాయన మనసు మంచిది. మర్నాడే నన్ను హైవే పక్కనున్న ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాడు. అతని బండి అక్కడే తయారైంది. నడుమెత్తు టైర్లు, కోసేసిన మడ్‌గార్డులు, పైకి లేపిన బాడీ. చూడటానికి భీకరంగా ఉంటుంది గాని, ఆ బండిలో ఒక అందం ఉందని ఒప్పుకోవాలి. ఏ భాగం ఎందుకుందో చూడగానే తెలుస్తుంది. నా జీపునూ అలాగే చేయించమన్నాడు. చక్రాలమీద స్ప్రింగుల్లా బాడీని మోసే కమాన్ పట్టీలు పెంచి దాన్ని పైకి లేపాలి. పెద్ద టైర్లు వేయాలి. అవి తిరగాలంటే మడ్‌గార్డులు కోయాలి. టైర్లు అంత బరువైతే పాత ఇరుసులు ఆగవు, అవీ మార్చాలి. ఒక మార్పు ఇంకో మార్పును అడుగుతూ పోయింది. టింకరింగ్ చేసే మేస్త్రీ సుద్దముక్కతో నాలుగు మడ్‌గార్డుల మీదా కోత గీతలు గీశాడు.

“ఒకసారి కోశాక మళ్ళీ అతకడం కుదరదండి. బాగా ఆలోచించుకోండి,” అన్నాడు.

ఆ గీతలతోనే జీపును ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి చూసింది.

“ఏంటండీ ఇది, మేకను వేటకి సిద్ధం చేసినట్టు?”

“ఇక్కడిదాకా కోస్తారు. టైర్లు పెద్దవి వేస్తున్నారు.”

“మరి నేనెలా ఎక్కాలి? నిచ్చెన కూడా వేయిస్తారా?”

“మెట్టు పెట్టిస్తాను.”

“మెట్టెక్కి, చీర చెంగు ఎక్కడో తగులుకుని, మార్కెట్టు మధ్యలో వేలాడతాను. జనం టిక్కెట్టు కొనుక్కుని చూస్తారు.”

“తాతగారి జీపు రేకులు కోయడం నాకు మాత్రం ఇష్టమా?” అన్నాను కొంచెం గట్టిగానే.

“మీ నాన్నగారు దాని గుండెకాయే మార్చేశారు కదండీ. దానికి లేని బాధ రేకుకెందుకూ? కోయించుకోండి. కాని కోయించేది కొండకోసమా, ఆ రోజు నవ్వినవాళ్ళ కోసమా, అది మాత్రం తేల్చుకోండి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

తేల్చుకోలేదు. బృందం మళ్ళీ బయల్దేరే రోజు దగ్గరపడుతోంది. ఈసారి వాగు దాటి పైనున్న రాతిమెట్టు కూడా ఎక్కుతారట. జీపు రూపం చెడగొట్టుకోవాలి, లేదంటే మళ్ళీ అందరి ముందూ లాగించుకోవాలి. మూడో దారి ఉందని నాకు అనిపించలేదు.

ఆ వారంలోనే బంధువుల పెళ్ళికి భీమవరం వెళ్ళాను. మధ్యాహ్నం రొయ్యల చెరువుల ఆవిడకు ఫోను చేశాను. మీ బండి ఒకసారి చూడాలన్నాను.

“ఆయ్, వచ్చేయండి బాబుగారూ. మేత వేసే వేళే.”

చెరువు దగ్గరికి వెళ్ళేసరికి బండి వెనక మేత బస్తాలు వేస్తున్నారు. వాన పడి వెలిసింది. ఒకవైపు చెరువు, ఇంకోవైపు పంటబోదె, మధ్యలో గట్టు. అది ఒకప్పుడు మా చేనిగట్టే. నేను చెప్పులు చేత్తో పట్టుకోబోతే ఆవిడ నవ్వింది.

“మీ తాతగారి కాలంలో మా మామగారు ఈ గట్టుమీద చెప్పులు విప్పి నడిచేవారటండి. మీరు విప్పకండి. గవ్వపెంకులున్నాయి, కోసుకుంటాయి.”

ఆ మాటలో ఏముందో నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు. అయినా అంత తేలిగ్గా, ఎదురుగా నిలబడి అనగలగడం నాకు నచ్చింది. నేనూ నవ్వాను. చెప్పులు వేసుకునే బండెక్కి, ఆవిడ పక్కన కూర్చున్నాను.

గట్టు వెడల్పు బండి వెడల్పుకు సరిపోయిందంతే. చక్రం అంచుకు, జారే మట్టికి మధ్య జానెడు ఉందో లేదో. ఆవిడ తక్కువ గేరులో పోనిస్తూ, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో చెరువులో నీళ్ళ రంగు చూపిస్తూ మాట్లాడుతోంది. నేను మాత్రం పై కడ్డీ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

“టైర్లు కంపెనీ వెడల్పే ఉంచారు,” అన్నాను చివరికి.

“ఇంకాస్త వెడల్పు పెడితే గట్టంచు విరిగి చెరువులో పడతానండి. ఆ పూట రొయ్యలకి మేతను నేనే.”

“మరి కొండమీద?”

“కొండకి ఎప్పుడో ఓసారి వెళ్తానండి. ఇక్కడ రోజూ తిరగాలి. పళ్ళు లోతుగా ఉన్న టైర్లు వేయించాను, అంతే. కింద మందంగా ఒక పలక బిగించాను, రాయి తగిలితే ఆయిల్ గిన్నె పగలకుండా. కమాన్‌లో ఒక్క పట్టీ ఎక్కించాను.”

“ఇంకేం లేదా?”

“ముందు, వెనక కొక్కేలండి. అన్నిటికంటే ముందు చేయించింది అదే.”

“అదే ఎందుకు?”

“ఎక్కడో అక్కడ ఆగిపోతాను కదండీ,” అంది ఆవిడ.

ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా అంది. మా ఇంట్లో ఏ తరంలోనూ ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. ఆగిపోయినవాళ్ళం మేమే. తాతగారు అప్పటికే ఆగిపోయి కూడా, కదులుతున్నట్టే కూర్చునేవారు. ఆయన కూర్చునే తీరును నేను ఇప్పటికీ గౌరవిస్తాను. కాని ఆ గట్టుమీద, ఆ మనిషి పక్కన కూర్చుని, ఇంకో రకం ఠీవి కూడా ఉంటుందని మొదటిసారి చూశాను. తన బండి ఎక్కడిదాకా వెళ్ళగలదో తెలిసి, అది బయటికి చెప్పగలిగినవాళ్ళ ఠీవి.

తిరిగి వచ్చి జీపును షెడ్డుకు తీసుకువెళ్ళాను. తడిగుడ్డతో సుద్ద గీతలు నేనే తుడిచాను. కమాన్‌లో ఒక్కో పట్టీ వేయమన్నాను. పాత వెడల్పులోనే లోతు పళ్ళ టైర్లు, కింద పలక, ముందు ఛాసిస్‌కు బిగించి రెండు కొక్కేలు.

“ఇంతేనా అండీ?” అన్నాడు మేస్త్రీ, గ్రైండరు వైపు చూస్తూ.

“ఇంతే.”

బట్టల కొట్టాయన ఫోనులో నిట్టూర్చాడు. “రాతిమెట్టు దగ్గర కష్టమండి. తర్వాత నన్ననకండి.”

అతను చెప్పింది నిజమే అయింది. ఈసారి వాగు సునాయాసంగా దాటాను. రాతిమెట్టు దగ్గర ముందుగా రొయ్యల చెరువుల ఆవిడ బండి ఆపి దిగింది. ఎక్కబోయే దారంతా ముందు నడిచి చూసింది. ఒక రాయిని కాలితో కదిపి, కదులుతోందని పక్కకు దొర్లించింది. రాతిమీద పట్టు దొరకాలని టైర్లలో గాలి కొంత తీసేసింది. ఆ తర్వాత, ఎక్కడా అదరగొట్టకుండా, మెట్లెక్కే మనిషిలా ఒక్కో చక్రం పెట్టుకుంటూ ఎక్కేసింది. బట్టల కొట్టాయన బండి దర్జాగా, ఆ రాయి అసలు లేనట్టే ఎక్కింది. నాకు కాస్త అసూయ కలిగింది. కోసిన రేకులకు న్యాయం చేశాడనిపించింది.

నా వంతు వచ్చింది. గాలి తీశాను, ఆవిడ నడిచిన చోటనే నడిచి చూశాను. రెండుసార్లు ప్రయత్నించాను. రెండోసారి ముందు చక్రం గాలిలో లేచి, జీపు లోయ వైపు ఒరిగి, కింద పలక రాతిమీద గీరుకుంది. బ్రేకు తొక్కి పట్టాను. ఇంకోసారి తొక్కితే ఎక్కవచ్చు, జారనూవచ్చు. పైన అందరూ నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

కిటికీలోంచి చెయ్యి పైకెత్తాను.

“అమ్మా, కాస్త లాగుతారా?” అని అరిచాను. ఆ మాట ఎలా వస్తుందో అని చాలా కాలంగా భయపడ్డాను. మామూలుగానే వచ్చింది.

“ఆయ్, లాగుతానండి! బ్రేకు మీంచి కాలు తీయకండి!”

ఆవిడ పట్టీ పట్టుకుని దిగి వచ్చి, ముందు రెండు కొక్కేలకూ తగిలించి, నా వైపు తలూపి, పైకెళ్ళి తన బండితో లాగింది. జీపు ముందుకు, తిన్నగా, మొహం ఎత్తుకుని ఎక్కింది.

పైన నీడలో అందరం పులిహోర తిన్నాం. ఆ తర్వాత దారి ఇంకా నిటారుగా ఉంది. దాని చివర ఇంకో మెట్టు, దీనికంటే ఎత్తైనది.

“వస్తారాండీ? లాగుతాం,” అన్నాడు బట్టల కొట్టాయన. మనస్ఫూర్తిగానే అడిగాడు.

“లేదండి. నా జీపు ఇక్కడిదాకానే,” అన్నాను.

అతను వెళ్ళాడు. వెనక ఆవిడ బండి బయల్దేరింది. ఆ మెట్టు దగ్గర డ్రైవరు సీట్లోంచి ఎడమ చక్రం కనపడదు. నేను నడిచి వెళ్ళి, చక్రానికి ఎదురుగా, కాస్త ఎడంగా, రాతిమీద నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి గేరు దించింది.

“ఎడమకండీ... ఇంకాస్త... చాలు, చాలు! ఇప్పుడు తిన్నగా రండి!”

నా చెయ్యి ఎటు కదిలితే ఆ స్టీరింగు అటు తిరిగింది. చక్రం రాతి గాడిలో పడింది, ఒక్క క్షణం ఆగింది, పళ్ళు పట్టుకున్నాయి. బండి నా పక్కనుంచి నెమ్మదిగా పైకి వెళ్ళింది. ఆవిడ నా వైపు చూడలేదు. చూపంతా దారిమీదే ఉంది.