లైన్లో ఉన్నారా అండీ?

కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషికి తెలివి ఎక్కువ, జ్ఞానం తక్కువ అని ఇప్పుడు తెలుస్తోంది గానీ, ఆ రోజుల్లో నాకు రెండూ బోలెడున్నాయనే అనుకునేదాన్ని. కంకిపాడు నుంచి రోజూ సిటీ బస్సులో వేలాడుతూ విజయవాడ వెళ్ళి, ఓ కేబుల్ టీవీ వాళ్ళ కస్టమర్ కేర్‌లో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చునేదాన్ని. ‘నమస్కారమండీ, మీకు ఏ విధంగా సహాయపడగలను?’ అని పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి ఆ ‘అండీ’ నాలుకకి బంకలా అతుక్కుపోయేది. ఇంటికొచ్చి మా గేదెను కూడా ‘కాస్త పక్కకు జరగండి’ అనేదాన్ని. (అది జరిగేది కాదనుకోండి, మర్యాద తెలియని గేదె.)

ఉద్యోగంతో పాటే నాకో సందేహమూ పట్టుకుంది. జనం ఎంత మొత్తుకున్నా మా ఆఫీసులో వినే నాథుడు లేడని నాకు తెలుసు కదా, మరి పైన మాత్రం వింటున్నారని గ్యారంటీ ఏమిటి? ఆదివారం అమ్మ వెంట చర్చికి వెళ్ళేదాన్ని, పాటలు పాడేదాన్ని, ప్రార్థనలో భక్తిగా కళ్ళు మూసుకుని ఇంట్లో ఉడుకుతున్న కోడికూర గురించి ఆలోచించేదాన్ని.

అలా ఉండగా అమ్మ కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి తీస్తే గానీ అదెలాంటిదో చెప్పలేమన్నారు డాక్టరుగారు. అమ్మ తిండి మానేసింది. బీరువా తాళాలు నా చేతికిచ్చి, ఆవకాయ ఏ జాడీలో ఉందో, చింతపండు ఎక్కడ దాచిందో చెప్పడం మొదలుపెట్టింది.

ఆపరేషన్ రేపనగా, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరుగారు వచ్చారు, మా మేనత్త వచ్చింది. ఆవిడకు మేం పెట్టుకున్న పేరు ప్యాసింజర్ అత్తయ్య. ఆవిడ ప్రార్థన ఆదాము దగ్గర బయల్దేరి, నోవహు, అబ్రాహాము, మోషే అంటూ అన్ని స్టేషన్లలోనూ ఆగి గానీ మా ఊరు చేరదు. ఆవిడే మొదలుపెడుతుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, “ఇవాళ నువ్వు చెయ్యవే” అంది.

“నాకు రాదమ్మా.”

“వచ్చినట్టే చెయ్యి. నీ నోటితో వినాలనుంది నాకు.”

దేవుడు ఎంత గొప్పవాడైనా ప్రార్థనలో ‘నీవు’ అనే పిలుస్తాం, తండ్రి కదా. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకూ తెలిసిన సంగతే. కానీ కళ్ళు మూసుకోగానే నా నోరు తిన్నగా ఆఫీసుకు వెళ్ళిపోయింది.

“ప్రభువా, నమస్కారమండీ. రేపు మా అమ్మకి ఆపరేషనండీ. నాకు మా అమ్మ కావాలండీ...” ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. అవతల ఎవరైనా ఉన్నారో లేరో ఆ క్షణాన నిజంగానే తెలియాలనిపించింది. “హలో... లైన్లో ఉన్నారా అండీ? మీ మాట నాకు వినపడట్లేదండీ” అని, జవాబు కోసం ఆగాను.

పాస్టరుగారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. అత్తయ్య కళ్ళు తెరిచేసింది.

“ఓసి నీ అఘాయిత్యం కూలా! దేవుణ్ణి పట్టుకుని అండీ ఏంటే? ఆయనేమన్నా తాసిల్దారా?”

“పోన్లే వదినా, మర్యాదగానే అడిగిందిగా” అంటూనే అమ్మ ఫక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, “ఆకలేస్తోందే, కాస్త అన్నం పెట్టు” అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. గడ్డ కూడా భయపడాల్సింది కాదని తర్వాత తేలింది. (అత్తయ్య లెక్కలో అది ఆరోజు నా తర్వాత ఆవిడ చేసిన పెద్ద ప్రార్థన ఫలితం. నేను కాదనలేదు.)

ఇప్పుడు నేనూ చర్చిలో స్త్రీల కూడికలో ‘మహోన్నతుడవైన దేవా, నీవు’ అంటూ ఎక్కడా తడుముకోకుండా ప్రార్థన చేస్తాను. అత్తయ్యే మెచ్చుకుంటుంది. ఆమెన్ అన్న మరుక్షణం లేచి చెప్పులు వెతుక్కుంటాను. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పిచ్చిపిల్ల మీద నాకు కాస్త కుళ్ళు కూడాను. అవతల ఎవరున్నారో తెలియకపోయినా, అది అడిగి, జవాబు వినడానికని ఆగింది.