బడి తలుపు

పాతబస్తీలో మా గల్లీ బడి ప్యూనుకు ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే తాళం తీసే ముందు టేకు తలుపును వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, "మస్తు గట్టిగుంది" అనుకునేవాడు. నేను చదివిన మూడు తరగతులూ ఆ తలుపు వెనకే.

గోడలు బీటలువారాయని, తలుపులన్నీ పుచ్చిపోయాయని ఇంజనీర్లు రాశారు. పడగొట్టి కొత్తది కడతామన్నారు. పడగొట్టొద్దని ప్యూను అర్జీ పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు.

"అక్కా, నువ్వు చదివిన బడి. ఒక్క సంతకం పెట్టు."

"గీ కాగితంతోని ఏమైతది? లొల్లి చెయ్యకు, పో" అన్నాను. ఊరికే వచ్చే కొత్త బడిని వద్దనడం నాకు దండగ అనిపించింది.

బడి పోయింది. కొత్తది ఇంకా లేవలేదు, పిల్లలు రేకుల షెడ్డులో ఉడుకుతున్నారు. పాత సామాను అమ్ముతుంటే టేకు తలుపు చవగ్గా దొరికింది. తెచ్చి మా వాకిలికి పెట్టించాను.

మొన్న ప్యూను ఇటుగా పోతూ ఆ తలుపు ముందు ఆగాడు. అలవాటుగా చెయ్యి లేపాడు గాని, కొట్టలేదు.

"లోపటికి రా, చాయ్ తాగు" అన్నాను.

"వద్దక్కా. పుచ్చిపోయిందనే గదా కూలగొట్టిన్రు. పుచ్చిన తలుపు నువ్వెట్ల కొన్నవ్?"

నేనూ రెండుసార్లు కొట్టి చూసే కొన్నాను.