మామ్మ జరిపిన పీట

మా రైల్వే ఊరి గోల్‌బజార్‌లో కారప్పొడులు అమ్మే మామ్మ, ఎవరు ఏమడగడానికి వచ్చినా ముందు ముక్కాలిపీట జరిపేది. చిన్న వ్యాపారాలు ఎలా పెరుగుతాయన్న పరిశోధన కోసం అదే ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీ, హిజ్లీ క్యాంపస్ నుంచి వెళ్లిన నేనూ ఆ పీట మీదే కూర్చుని ప్రశ్నలడిగాను. తన గిరాకీ అంతా డ్యూటీకెళ్లే రైల్వేవాళ్లేననీ, వాళ్ల షిఫ్టును బట్టే కొట్టు తెరుస్తాననీ చెప్పింది.

ఏడాది తర్వాత మా నివేదిక అచ్చయింది. గర్వంగా పట్టుకెళ్లాను. మామ్మ పీట జరపబోతే వద్దని, తన కొట్టు గురించి ఇంగ్లీషులో ఉన్న పేజీని నిలబడే తెలుగులో చెప్పాను.

"ఇదంతా నాను సెప్పిందే కదా బాబూ. మరి నువ్వేటి కనిపెట్టినావు?"

ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను కాగితాలు మడిచాను.

మామ్మ మళ్లీ పీట జరిపింది.

"కూకో. ఈసారి నువ్వు అడగనిది సెప్తాను."